మందలో రోగం మొదలైతే మొదటి మూడు రోజులు ఏం చేయాలి, ఎవరు చేయాలి

“మూడు గేదెలకి నిన్నటి నుంచి చొంగ కారుతోంది, ఒకటి కుంటుతోంది, డాక్టరు గారు రేపు వస్తానన్నారు, అప్పటిదాకా ఏం చేయమంటారు?” ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఒకరికి గొర్రెలు, ఒకరికి కోళ్ళు, ఒకరికి పందులు. అందరూ అడిగేది మాత్రం ఒకటే, రోగం పేరు తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా అని.

అక్కర్లేదు. పేరు తేలడానికి ల్యాబ్ కావాలి, ఒక్కోసారి రోజులు పడుతుంది. పశువుల్ని, మనుషుల్ని, బండ్లని కదలకుండా ఆపడానికి పేరుతో పనే లేదు, అది ఈ గంటలోనే చేయొచ్చు. తీరా అది మామూలు జ్వరమని తేలితే పోయేది రెండు రోజుల శ్రమ. నిజంగా అంటురోగమే అయితే ఆ రెండు రోజులే మొత్తం కథను మార్చేస్తాయి.

ఇది రైతు సంఘాలు, పాల సంఘాలు, ఫారం నడిపేవాళ్ళు, పశువైద్య సిబ్బందికి సాయం చేసే కుర్రాళ్ళ కోసం రాస్తున్నాను. డాక్టరుకి బదులు కాదు, డాక్టరు వచ్చేలోపు, వచ్చాక ఆయన పక్కన నిలబడి చేయాల్సిన పని.

ముందే దగ్గర పెట్టుకోవాల్సినవి

రోగం వచ్చాక వెతుక్కుంటే దొరకవు, అందుకే ఒక పెట్టెలో పెట్టి ఉంచండి.

- థర్మామీటర్లు రెండు (ఒకటి పగులుతుంది, తప్పకుండా పగులుతుంది)
- చేతి తొడుగులు, మాస్కులు, రబ్బరు బూట్లు, ఉతికితే పాడవని పాత బట్టలు
- వాషింగ్ సోడా, సిట్రిక్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్
- గట్టి బ్రష్షులు, బకెట్లు, చేత్తో కొట్టే స్ప్రేయర్
- తాడు, రంగు రిబ్బన్, బోర్డు రాయడానికి రంగు
- పీహెచ్ పేపర్, అంటే నీళ్ళలో ఆమ్లం, క్షారం ఎంతుందో రంగుతో చూపే కాగితం (ఎందుకో కింద చెబుతాను)
- ఒక రూళ్ళ పుస్తకం, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటాం అంటారు, తడి చేతులతో, తొడుగులతో ఫోన్ నొక్కి చూడండి తెలుస్తుంది
- ఊరి పటం, చేత్తో గీసినదైనా సరే. ఎవరింట్లో ఎన్ని పశువులు, నీళ్ళు ఎక్కడ తాగుతాయి, ఎక్కడ మేస్తాయి అన్నవి అందులో ఉండాలి

జేసీబీ ఎవరి దగ్గరుంది, పాతిపెట్టడానికి స్థలం ఎక్కడ అన్నవి కూడా ఈ పెట్టెలోనే కాగితం మీద రాసి పెట్టండి. ఎండాకాలం మధ్యాహ్నం నాలుగు కళేబరాలు ఉబ్బుతుంటే, అప్పుడు స్థలం గురించి పంచాయితీ పెట్టుకోవడం నేను చూశాను.

1. మొదటి గంట: ఎక్కడివి అక్కడే

జబ్బు కనబడ్డ పశువుని వేరే చోటికి తోలకండి. వేరు చేయాలి కదా అని చాలామంది దాన్ని పట్టుకుని ఊరి చివర పాకకి నడిపిస్తారు, దారి పొడుగునా చొంగ, పేడ వేస్తూ వెళ్తుంది. దాన్ని ఉన్నచోటే కట్టేసి, వీలైతే బాగున్న వాటిని అదే ఆవరణలో ఇంకో మూలకి మార్చండి, ఆవరణ దాటించకండి. అవి కూడా ఇప్పటికే అంటించుకుని ఉండొచ్చు.

ఆ మంద మేతకి వెళ్ళకూడదు, ఉమ్మడి తొట్టిలో నీళ్ళు తాగకూడదు. నీళ్ళు, మేత వాటి దగ్గరికే రావాలి. కష్టమే, ముఖ్యంగా నీళ్ళు మోయడం, అందుకే మూడో అంచెలో మనుషుల్ని పంచుకోమంటున్నాను.

అందరూ మరిచిపోయేది ఒకటుంది. గత రెండు వారాల్లో ఈ మందలోకి ఏం వచ్చింది, ఇక్కడి నుంచి ఏం బయటికి పోయింది అన్నది అప్పుడే కూర్చుని రాయించండి. కొన్న దూడ, సంతకి తోలి అమ్ముడుపోక తిరిగొచ్చిన గొర్రె, ఎద్దుకి తోలిన ఆవు, మేత బండి, సూది వేయడానికి వచ్చిన మనిషి, అన్నీ. రెండో రోజుకి ఈ జ్ఞాపకాలు సగం పోతాయి, మిగతా సగం గొడవల భయంతో మారిపోతాయి.

2. ఫోన్ చేయండి, కానీ ఇలా చేయండి

“సార్, గేదెలకి బాగోలేదు” అంటే అవతలి డాక్టరుకి ఏమీ అర్థం కాదు, ఆ రోజు వచ్చిన పదిహేను ఫోన్లలో అదొకటి అవుతుంది. ముందు జ్వరం చూసి, నోరు, గిట్టలు, పొదుగు చూసి, అప్పుడు చేయండి. చెప్పాల్సినవి: మొత్తం ఎన్ని, జబ్బు ఎన్నిటికి, చచ్చినవి ఎన్ని, మొదటిది ఎప్పుడు కనబడింది, ఏ వయసువి, ఏ లక్షణాలు, ఈమధ్య ఏం కొన్నారు, ఏ టీకా ఎప్పుడు వేయించారు. “42లో 7 గేదెలకి, 105 డిగ్రీల జ్వరం, నాలుక మీద పొక్కు చిట్లింది, రెండు కుంటుతున్నాయి, పది రోజుల కింద కొత్త గేదె వచ్చింది” అంటే డాక్టరు వెంటనే చెప్పులేసుకుంటాడు.

గాలికుంటు, ఆంత్రాక్స్ (దొమ్మ రోగం), బర్డ్ ఫ్లూ, పి.పి.ఆర్ (గొర్రెలకి, మేకలకి వచ్చే ప్లేగు) లాంటివి చాలా దేశాల్లో ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాల్సిన రోగాలు. అనుమానం చాలు, రుజువు మీ బాధ్యత కాదు.

ఫోన్ చేసేముందు ఒక్క ప్రశ్న మాత్రం వేసుకోండి: జబ్బుపడ్డవన్నీ ఒకే మేత తిన్నాయా, ఒకే చేలో మేశాయా? గంటల్లో టపటపా పడిపోయి, జ్వరం లేకపోయి, పక్క మందలో ఒక్కటి కూడా జబ్బు పడకపోతే అది విషం కావచ్చు. లేత జొన్న, వానల్లేక వాడిన జొన్న తిన్నా సైనైడ్ విషంతో అలాగే పడతాయి. అప్పుడు మీ పరుగు వేరు, మేత ఆపేయాలి, డాక్టరుకి ఆ మాట మొదటే చెప్పాలి.

3. పని పంచండి: మురికి మనిషి, శుభ్రం మనిషి

ఒక్కడే అన్నీ చేస్తే ఒక్కడే అంతటా అంటిస్తాడు. ఈ సూత్రం మీద పంపకం చేయండి.

జబ్బు మందలోకి వెళ్ళేవాళ్ళు, అంటే మురికి మనుషులు, ఇద్దరే, వాళ్ళే మేత, నీళ్ళు, మందులు చూస్తారు, ఇంకే పశువు దగ్గరికీ వెళ్ళరు. వాళ్ళ ఇంట్లో పశువులుంటే ఈ పని వాళ్ళకి ఇవ్వకండి. మిగతావాళ్ళంతా శుభ్రం మనుషులు. బయట నిలబడి సామాను అందించేవాడు ఒకడు. లెక్క రాసేవాడు ఒకడు, ఇతను ఎక్కడికీ వెళ్ళడు, ఫోన్ మీదే పని. గేటు దగ్గర ఒకడు. ఊరితో మాట్లాడేవాడు ఒకడు, ఇతను కాస్త వయసున్నవాడు, నోరు మంచిదై ఉండాలి. మాట తేలిగ్గా జారే మనిషికి ఈ పని ఇస్తే మిగతా అందరి కష్టం నీళ్ళపాలు.

చంటిపిల్లల్ని, గర్భిణుల్ని ఈ చుట్టుపక్కలకే రానివ్వకండి. గాలికుంటు, లంపీ స్కిన్ (పశువుల ఒంటి మీద గడ్డలు లేచే రోగం) మనుషులకి భయపడాల్సినవి కావు, కానీ ఇంకా పేరు తేలలేదు కదా. ఆంత్రాక్స్, రిఫ్ట్ వ్యాలీ జ్వరం (దోమలు మోసే పశురోగం), బర్డ్ ఫ్లూ మనుషులకి సోకుతాయి. బర్డ్ ఫ్లూ కోళ్ళతోనే ఆగుతుందన్న ధీమా కూడా వద్దు, 2024లో అమెరికాలో పాడి ఆవుల్లోనూ ఆ వైరస్ బయటపడింది. పశువులు ఈచుకుపోతున్న చోట, అంటే గర్భస్రావాలు అవుతున్న చోట, పడిన పిండాన్ని, మాయని వట్టి చేతుల్తో ముట్టుకోవద్దు.

4. గీత గీయండి, గీత దగ్గర కడగండి

తాడు కట్టండి, “లోపలికి రావద్దు” అని బోర్డు పెట్టండి. లోపలికి, బయటికి ఒకటే దారి. ఆ దారి దగ్గర మూడు బకెట్లు: ఒకటి వట్టి నీళ్ళు, ఒకటి సబ్బు నీళ్ళు, ఒకటి మందు నీళ్ళు. లోపల వేసుకున్న బట్టలు, బూట్లు లోపలే ఉండాలి.

ఇక్కడ నా సిగ్గుమాలిన అనుభవం ఒకటి. మొదటిసారి నేను గేటు దగ్గర తొట్టి పెట్టి, ఫినాయిల్ పోసి, తెల్లటి నీళ్ళలో అందరి చేత కాళ్ళు ముంచిస్తూ చాలా గొప్ప పని చేస్తున్నాననుకున్నాను. వచ్చిన డాక్టరమ్మ ఒక కుర్రాడి బూటు తిరగేసి, అడుగున గాడుల్లోంచి పుల్లతో పేడ గీకి తీసింది. పైన తడి, లోపల పొడిగా, వెచ్చగా ఉంది పేడ. ఏమీ అనలేదు, ఆ పుల్ల నా చేతికిచ్చింది.

రెండు తప్పులు చేశాను. ముందు బ్రష్షుతో రుద్ది కడగకుండా మందు వేస్తే మందు పేడతోనే సరిపెట్టుకుంటుంది, లోపలి క్రిమిని చేరదు. రెండోది, గాలికుంటు వైరస్ మీద ఫినాయిల్ జాతి మందులు సరిగా పనిచేయవు. వాసన ఘాటుగా ఉంది కదా అని నమ్మేస్తాం. ఆ వైరస్‌కి గిట్టనిది ఆమ్లం, క్షారం. పీహెచ్ 6 కంటే తగ్గినా, 9 దాటినా నిలవలేదు. అందుకని:

- వాషింగ్ సోడా 4 శాతం: పొడి రకమైతే లీటరుకి 40 గ్రాములు, అంటే పది లీటర్ల బకెట్‌కి 400 గ్రాములు. గాజు ముక్కల్లాంటి స్ఫటికాల రకమైతే దాంట్లో నీరు కలిసి ఉంటుంది కాబట్టి లీటరుకి 100 గ్రాములు వేయాలి. కనీసం పది నిమిషాలు తడిగా ఉండాలి.
- సిట్రిక్ యాసిడ్: లీటరుకి 2 గ్రాములు, అరగంట. బట్టలకి, చేతులకి ఇదే మేలు.

రెండూ ఒకే బకెట్‌లో కలపకండి, ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బ్లీచింగ్‌లో ఏ యాసిడ్ కలిపినా విషవాయువు వస్తుంది, దాంతో ఆడుకోవద్దు. వేరే రోగమైతే డాక్టరు వేరే మందు చెబుతారు, అదే వాడండి.

సరిగా కలిపామా అన్నది చూడటానికే పీహెచ్ పేపర్. సోడా నీళ్ళలో ముంచితే 10 పైన చూపించాలి. సాయంత్రానికి 9 దగ్గరికి దిగిందంటే పారబోసి కొత్తది కలపండి. వాన పడే రోజుల్లో తొట్టి మీద రేకు వేయకపోతే మీరు వాన నీళ్ళలోనే కాళ్ళు ముంచుతున్నట్టు.

5. చుట్టూ ఎంత దూరం ఆపాలి

దూరం అధికారులు చెబుతారు. ఒక అంచనా కోసం, ఐరోపా నియమాల్లో గాలికుంటుకి, బర్డ్ ఫ్లూకి 3 కిలోమీటర్ల లోపల కట్టుదిట్టం, 10 కిలోమీటర్ల దాకా నిఘా. లంపీ స్కిన్‌కి అదే 20, 50 కిలోమీటర్లు. తేడా ఎందుకంటే లంపీని మోసేవి కుట్టే ఈగలు, దోమలు, పిడుదులు, వాటికి మీ తాడు అడ్డం కాదు. లంపీ అనుమానమైతే గేటు మీద పెట్టే శ్రద్ధలో సగం పేడకుప్ప, కుళ్ళిన తడి గడ్డి మీద పెట్టండి, కుట్టే ఈగ పుట్టేది అక్కడే.

కదలిక ఆపడం అంటే పశువుని ఆపడం అనే అనుకుంటారు. ఒక్కో కొట్టం ముందు నిలబడి రోజంతా ఎవరెవరు వచ్చి పోతున్నారో లెక్కపెట్టండి. పాలు తీసుకునేవాడు, దాణా బండి, కృత్రిమ గర్భధారణ చేసేవాడు, బేరగాడు, పేడ ఎత్తుకెళ్ళే బండి, మందులిచ్చేవాడు. రోగం వచ్చిన రోజుల్లో ఎక్కువ కొట్టాలు ఎక్కి దిగేది మందులిచ్చే మనిషే, పాపం సాయం చేద్దామనే తిరుగుతాడు. ఆయన దారి ఎప్పుడూ బాగున్న మందల నుంచి మొదలై జబ్బు మందతో ముగియాలి, వెనక్కి తిరగకూడదు. గాలికుంటు మందలోకి వెళ్ళొచ్చినవాళ్ళు మూడు రోజులపాటు వేరే పశువుల జోలికి పోకుండా ఉంటే మంచిది.

పాలు ఇంటింటికీ వచ్చి తీసుకునే పద్ధతైతే ఆ రోజే మార్చండి, గీత దగ్గరికి క్యాను తెచ్చి పెట్టాలి, బండి లోపలికి రాకూడదు. జబ్బు పశువు పాలు అమ్మొద్దు. దూడలకి కూడా పచ్చిపాలు పట్టొద్దు. గాలికుంటు వచ్చిన తల్లి పాలు తాగిన దూడలు నోట్లో ఒక్క పొక్కు కూడా లేకుండా గుండె దెబ్బతిని ఉన్నట్టుండి పడిపోతాయి, తల్లి బతికి దూడ ఎందుకు పోయిందో అర్థంకాక జుట్టు పీక్కుంటారు.

సంత గురించి వేరే చెప్పక్కర్లేదు కానీ ఒక ఉదాహరణ చూడండి. 2001 ఫిబ్రవరి 20న బ్రిటన్‌లో గాలికుంటు ఖాయమైంది. దేశమంతా పశువుల కదలిక ఆపింది 23న. మూడు రోజులే కదా అనిపిస్తుంది, కానీ మొదటి కేసు బయటపడే రోజుకే గొర్రెలు సంతలు మారి మారి 50కి పైగా ఫారాలకి రోగాన్ని మోసేశాయి, గొర్రెల్లో లక్షణాలు పైకి అంతగా కనబడవు మరి. చివరికి 2,026 చోట్ల రోగం తేలింది, 60 లక్షలకి పైగా పశువుల్ని చంపాల్సి వచ్చింది. అక్కడ ల్యాబులకి, డాక్టర్లకి లోటు లేదు. పోయింది కాలం.

6. లెక్క రాయండి, రోజూ, ఒకే వేళకి

ఒక్కో మందకి ఒక పేజీ. తేదీ, మొత్తం పశువులు, ఈ రోజు కొత్తగా జబ్బుపడ్డవి, చచ్చినవి, కోలుకున్నవి. ఈ నాలుగు అంకెలు చాలు. “కొత్తగా” అన్నది విడిగా రాయకపోతే పుస్తకం పనికిరాదు. నిన్న 9, ఈ రోజు 11 అని రాస్తే, రెండు కొత్తవా, లేక మూడు కోలుకుని ఐదు కొత్తవా?

బాగున్న పశువులకి కూడా పొద్దున్నే జ్వరం చూడండి. పొక్కులు పొడిచేముందే జ్వరం వస్తుంది, గాలికుంటులో వైరస్ కూడా అప్పటికే బయటికి వస్తుంటుంది. ఒక్కో పశువుకి ఒక్కోసారి థర్మామీటర్ కడిగి, మందు నీళ్ళలో ముంచి వాడండి. అందరి చుట్టూ ఒకటే థర్మామీటర్ తిప్పితే జ్వరం చూడటం కాదు, పంచడం.

7. నమూనాలు: మీ పని ఎంతవరకు

తీసేది డాక్టరు. మీరు చేయాల్సిందల్లా సరైన పశువుని చూపించడం. అందరూ బాగా నీరసించిన దాన్ని చూపిస్తారు, కావాల్సింది నిన్న, ఈ రోజు మొదలైన దాన్ని. మానిపోతున్న పుండులో వైరస్ దొరకడం కష్టం. డాక్టరు వచ్చేముందే యాంటీబయాటిక్ పొడిచేస్తే కొన్ని రోగాల్లో ల్యాబ్‌కి ఏమీ దొరకదు, పైగా వైరస్ రోగాలకి అది మందే కాదు. పెట్టేశారంటే దాచకుండా చెప్పండి. ఐస్ పెట్టె ముందే సిద్ధం చేయండి, చీటీ మీద పెన్సిల్‌తో రాయండి, ఇంకు తడిస్తే అలుక్కుపోతుంది.

8. చచ్చిన పశువు

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే.

ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచో, వెనక నుంచో నల్లటి రక్తం వస్తూ, ఆ రక్తం గడ్డకట్టకుండా, కళేబరం తొందరగా ఉబ్బి, కాళ్ళు బిగుసుకోకుండా ఉంటే అది ఆంత్రాక్స్ అనుకోండి, దొమ్మ రోగం. కాదని తేలేదాకా అదే అనుకోండి. కొయ్యొద్దు, తోలు తీయొద్దు, మాంసం ముట్టుకోవద్దు, కుక్కల్ని, కాకుల్ని రానివ్వొద్దు. శరీరం లోపల ఉన్నంతసేపు ఆ క్రిమి మామూలు క్రిమే, మూసి ఉన్న కళేబరంలో కుళ్ళుతో పాటే చాలావరకు చస్తుంది. కోశారంటే గాలి తగిలి బీజంగా మారుతుంది, ఆ బీజం మట్టిలో దశాబ్దాలు ఉంటుంది. స్కాట్లండ్ దగ్గర గ్రునార్డ్ అనే చిన్న దీవిలో 1942లో ఆంత్రాక్స్ బాంబుల్ని పరీక్షించారు. 1986లో ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీటితో నేలంతా తడిపి, 1990లో గానీ అది సురక్షితమని ప్రకటించలేకపోయారు. మీ చేలో అలాంటి మచ్చ ఒకటి పడాలా వద్దా అన్నది ఆ కత్తి ఎత్తే క్షణంలోనే తేలిపోతుంది.

రక్తం కారే రంధ్రాల్లో మందులో తడిపిన దూది పెట్టి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, ఈడ్చకుండా ఎత్తి తీసుకెళ్ళాలి. కాల్చడం మేలు, కుదరకపోతే లోతుగా పాతాలి. రక్తం పడిన మట్టి కూడా తవ్వి అందులోనే వేయాలి. మామూలుగా గోతిలో సున్నం చల్లుతాం, ఆంత్రాక్స్‌కి మాత్రం వద్దు, కాల్షియం ఆ బీజాలకి మేలు చేస్తుందన్న అనుమానం ఉంది. కళేబరాన్ని ముట్టుకున్నవాళ్ళకి చర్మం మీద నొప్పిలేని పుండు లేచి నల్లగా పెచ్చు కడితే అదే రోజు ఆసుపత్రికి పంపండి, “చచ్చిన పశువుని ముట్టుకున్నాను” అని డాక్టరుకి చెప్పమనండి. ఆ ముక్క చెప్పకపోతే ఆయనకి తట్టకపోవచ్చు.

గొయ్యి కొలత. ఒక పెద్ద పశువుకి సుమారు ఒకటిన్నర ఘనమీటరు చోటు, ఐదు గొర్రెలో పందులో కలిస్తే ఒక పెద్ద పశువు లెక్క. నాలుగు ఆవులు, పది గొర్రెలు అంటే ఆరు లెక్కలు, 9 ఘనమీటర్లు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల ఎత్తులో అవి సరిపోతాయి, వాటిపైన ఇంకో రెండు మీటర్ల మట్టి రావాలి, కాబట్టి గొయ్యి లోతు మూడున్నర మీటర్లు. చాలామంది కళేబరం పట్టేంత తవ్వి ఆపేస్తారు, మర్నాడు కుక్కలు తవ్వేస్తాయి. నీళ్ళు ఊరే చోట, బావికి, వాగుకి దగ్గర్లో వద్దు. ఇంత లోతు గోతిలోకి మనిషి దిగకూడదు, గోడ విరిగి పడుతుంది. పైన కంచె వేయండి.

9. టీకా: ఎప్పుడు, ఎటు నుంచి

రోగం వచ్చిన రోజే “టీకా వేయించండి” అని అందరూ మీద పడతారు. వేయాలా వద్దా, ఏది వేయాలి అన్నది పశువైద్య శాఖ చెప్పాలి. చెప్పాక మీరు చూడాల్సినవి ఇవి.

జబ్బు పశువుకి టీకా వేయకూడదు. టీకా పట్టడానికి వారం నుంచి మూడు వారాలు పడుతుంది, ఈలోపు రోగం వస్తే “టీకా వల్లే వచ్చింది” అంటారు, ఆ మాట ముందే చెప్పి ఉంచండి. బయటి వలయం నుంచి లోపలికి వేసుకుంటూ రండి, లోపలి నుంచి బయటికి వెళ్తే రోగాన్ని మీరే మోస్తారు. పశువుకో సూది. సూదులు తక్కువున్నాయి, ఇవాళ్టికి సర్దుకుందాం అంటే వద్దు, రేపు వేయండి.

టీకా సీసాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడికి పాడవుతాయని అందరికీ తెలుసు, గడ్డకట్టినా పాడవుతాయని తెలియక ఐస్ ముక్కల మధ్య నేరుగా పూడ్చేస్తారు, మధ్యలో ఒక గుడ్డో, అట్టో పెట్టండి. ఆంత్రాక్స్ టీకా బతికున్న క్రిమితో చేసేది, యాంటీబయాటిక్ ఇచ్చిన పశువుకి వెంటనే వేస్తే ఆ యాంటీబయాటిక్ టీకానే చంపేస్తుంది.

10. మాట

అన్నింటికంటే కష్టమైనది ఇదే, దీనికి ఏ బకెట్టూ పనిచేయదు. గేదె మీదే ఇల్లు గడిచేవాడికి “నీ పాలు కొనం, నీ మందని కదల్చొద్దు” అంటే వాడు వినడు, రాత్రికి రాత్రి బేరగాడికి అమ్మేస్తాడు. వాడిని తిట్టి లాభం లేదు. మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి (పశువులున్న ఇంట్లో కాదు, ఆరుబయట) మూడు విషయాలు చెప్పండి: ఎన్ని రోజులు ఈ కట్టడి, మేతకి, నీళ్ళకి ఎవరు సాయం చేస్తారు, పరిహారం గురించి తెలిసింది ఎంత, తెలియనిది ఎంత. తెలియనిది వస్తుందని మాటివ్వకండి. ఎవరింట్లో ముందు వచ్చింది అన్న చర్చ లేవగానే ఆపేయండి. మొదట చెప్పినవాడి మీద ఊరంతా పడితే రెండోవాడు చెప్పడు, అంతే.

పని జరుగుతోందా లేదా, ఎలా చూడాలి

కొత్త కేసులు తగ్గితే జరుగుతున్నట్టు. కానీ తగ్గినట్టు కనబడటానికి ఇంకో కారణం కూడా ఉంది, జనం చెప్పడం మానేశారు. దీన్ని పట్టుకోవడానికి నేను నమ్మే పద్ధతి పాల కేంద్రం పుస్తకం. మీ లెక్కలో ఆ వీధిలో జబ్బు సున్నా, పాలు మాత్రం నాలుగు రోజుల్లో మూడో వంతు పడిపోయాయి అంటే అక్కడ ఏదో దాస్తున్నారు. మందుల దుకాణంలో జ్వరం బిళ్ళల అమ్మకం కూడా ఇదే చెబుతుంది. మీరే చీటీలు తీసి పది కొట్టాలు ఎంచుకుని, బాగున్నాయన్న పశువుల నోళ్ళు తెరిచి చూడండి. చూసే మనిషి శుభ్రం మనిషే కావాలి, కొట్టానికో జత తొడుగులు.

కడిగిన చోటు పరీక్ష సులువు. తెల్ల గుడ్డతో నేలని, తొట్టి అంచుని తుడవండి, గుడ్డకి మురికి అంటితే మందు వేసేముందు మళ్ళీ రుద్దాలి.

ఎప్పుడు విప్పాలి? అంతర్జాతీయ నియమాల్లో ఒక్కో రోగానికి అంటినప్పటి నుంచి లక్షణం కనబడేదాకా పట్టే గరిష్ఠ కాలం ఇలా తీసుకుంటారు: గాలికుంటుకి 14 రోజులు, పి.పి.ఆర్‌కి 21, లంపీకి 28. దానికి రెట్టింపు కాలం కొత్త కేసు లేకుండా గడిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. లెక్క మొదలయ్యేది చివరి జబ్బు పశువు కోలుకుని లేదా చచ్చి, ఆ చోటు కడగడం కూడా పూర్తయిన రోజు నుంచి, చివరి కేసు కనబడ్డ రోజు నుంచి కాదు. మధ్యలో ఒక్క కేసు వచ్చినా మళ్ళీ ఒకటి నుంచి లెక్క. అధికారులు ఇంకా ఎక్కువ చెబితే వాళ్ళ మాటే.

విప్పగానే కొట్టం నింపేయకండి. ముందు రెండో మూడో పశువుల్ని, ఆ రోగం ఎప్పుడూ రాని, ఆ టీకా పడని వాటిని తెచ్చి ఆ కొట్టం అన్ని మూలల్లో తిప్పి కట్టి, రోజూ జ్వరం చూస్తూ ఆ గరిష్ఠ కాలమంతా ఉంచండి. అవి బాగుంటే మిగతావి తెచ్చుకోండి. వాటిలో ఒకటి జ్వరపడితే ఎక్కడో ఒక తొట్టి అడుగునో, గాటి కింద పగుల్లోనో కడగనిది మిగిలింది, పుస్తకం, ముందే గీసి పెట్టుకున్న పటం తీసి అది ఎక్కడో వెతకండి.